మద్దెల ఓడు కాదు

‘క్రిప్ట్ ఆఫ్ ది నెక్రోడాన్సర్’ పేరెత్తితే చాలు, ఆడినవాళ్ళ నోట దాదాపు ఒకే తీర్పు వస్తుంది. పాటలు అదిరాయి, పాతకాలపు బొమ్మలు ముద్దొస్తున్నాయి, ఆలోచన భలే కొత్తది, కానీ అది మనవల్ల అయ్యే పని కాదు. కాస్త లోతుగా దిగినవాళ్ళు ఇంకో అడుగు ముందుకేస్తారు. ఎత్తుకు పైఎత్తు వేసే ఆటకు లయను అంటగట్టడం జిమ్మిక్కు అంటారు. ఆలోచించాల్సిన చోట ఆలోచించనివ్వకుండా తరమడం అన్యాయం అంటారు. ఇక రిథమ్ ఆటల్లో చెయ్యి తిరిగినవాళ్ళ ఫిర్యాదు దీనికి సరిగ్గా తలకిందులు. వాళ్ళ లెక్కలో ఇందులో లయే లేదు, మెట్రోనోమ్ టిక్కుమన్నప్పుడల్లా మీట నొక్కడం తప్ప. ఆట పూర్తి రూపంలో బయటికి వచ్చింది 2015 ఏప్రిల్‌లో. అప్పటినుంచి ఈ మాటలు ఒకరి నోటినుంచి ఒకరికి చేరి చేరి, ఇప్పుడు కొత్తవాడు ఆట మొదలుపెట్టకముందే అవి వాడి చెవిన పడుతున్నాయి.

నిజానికి ఈ ఆటను తిట్టేవాళ్ళు తక్కువ. స్టీమ్‌లో సమీక్షలు రాసినవాళ్ళలో అత్యధికులు మెచ్చుకున్నవాళ్ళే. నా పేచీ ఆ మెప్పుతోనే. సంగీతానికి నూటికి నూరు వేసి, బొమ్మలకు నూటికి నూరు వేసి, ఆటకు మాత్రం ‘కష్టం’ అని ఒక్క మాట అంటించి పక్కన పెట్టేస్తే, ఆ సంగీతం, ఆ బొమ్మలు అక్కడ ఏం పని చేస్తున్నాయో చూడలేదన్నమాట. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది ఈ వ్యవహారం. కాకపోతే ఇక్కడ మద్దెలను దండవేసి పొగిడి మరీ ఓడు అంటున్నారు.

ఆడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కేడెన్స్ అనే అమ్మాయి తండ్రిని వెతుక్కుంటూ ఒక భూగర్భ సమాధిలో పడుతుంది. నెక్రోడాన్సర్ అనే మాంత్రికుడు ఆమె గుండె కాజేస్తాడు. ఇక ఆ సమాధిలో మోగే పాట బీటుకే ఆమె గుండె కొట్టుకోవాలి, ఆ బీటుకే ఆమె కదలాలి. తెర కింద మధ్యలో ఒక గుండె బొమ్మ కొట్టుకుంటూ ఉంటుంది, రెండు పక్కలనుంచీ గీతలు దాని మీదికి వచ్చి కలుస్తుంటాయి. నేలంతా గడులు. బాణం మీట నొక్కితే ఒక గడి కదులుతారు. ఆ దిక్కులో శత్రువు ఉంటే కదలడానికి బదులు కొడతారు. ఒక్కో జోన్‌లో మూడు అంతస్తులు, నాలుగోది బాస్. ప్రతిసారీ గదులు, గోడలు, సరుకులు కొత్తగా అమరుతాయి. చస్తే మొదటికి. కెనడాలోని వాంకూవర్‌లో ఉన్న బ్రేస్ యువర్‌సెల్ఫ్ గేమ్స్ వాళ్ళ పని ఇది. రూపకర్త రయన్ క్లార్క్. సంగీతం డానీ బరనౌస్కీ. ‘సూపర్ మీట్ బాయ్’, ‘ది బైండింగ్ ఆఫ్ ఐజాక్’ మొదటి రూపాలకు పాటలు కట్టినవాడు ఆయనే.

జిమ్మిక్కు అన్న మాట ముందు తేల్చేద్దాం. జిమ్మిక్కు అంటే ఆట అంతా అయ్యాక, జనం చూపు తిప్పుకోడానికి పైన అద్దేది. ఇక్కడ జరిగింది అది కాదు. క్లార్క్ మొదట కట్టాలనుకున్నది సంగీతం ఆట కానే కాదు. ‘స్పెలంకీ’ అనే ఆటలాగా, చచ్చినప్పుడు ‘నాదే తప్పు’ అనిపించే రోగ్‌లైక్ (ప్రతిసారీ గదులు మారుతూ, చస్తే మొదటికి వచ్చే తరహా ఆట) ఒకటి కావాలనుకున్నాడు. మామూలు రోగ్‌లైక్‌లో మీ వంతు వచ్చాక మీరు భోజనం చేసి వచ్చినా ప్రపంచం కదలదు. దానికి వేగం తేవాలంటే ఒక్కో ఎత్తుకు గడువు పెట్టాలి. గడువులన్నీ సమానంగా పెట్టి చూస్తే కదలిక ఒక తాళంలో పడింది. మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ పెట్టి ఆడి చూశాడు, కుదిరింది. సంగీతం వచ్చింది అప్పుడు. అంటే ఎత్తుకు గడువు పెట్టాలన్న అవసరం ముందు, ఆ గడువును చెవికి వినిపించే పాట తర్వాత. ఈ పాటను తీసేస్తే మిగిలేది జిమ్మిక్కు వదిలిన శుద్ధమైన ఆట అని అనుకోవద్దు. గడువు అలాగే ఉంటుంది, దాన్ని తెలిపే పాట ఒక్కటే పోతుంది. అప్పుడు నిజంగానే తరిమినట్టు ఉంటుంది.

సరే, గడువు ఎంత? మొదటి జోన్ మొదటి అంతస్తు పాట నిమిషానికి 115 బీట్లు. అంటే ఒక్కో ఎత్తుకు అరసెకను పైచిలుకు. నాలుగో జోన్ మూడో అంతస్తుకు వచ్చేసరికి 160, అరసెకను కూడా లేదు. ఇంత తక్కువలో ఆలోచించడం ఎవరివల్లా కాదు, నిజమే. ఫిర్యాదు చేసేవాళ్ళు ఇక్కడిదాకా సరిగ్గానే వస్తారు. ఆ తర్వాతే దారి తప్పుతారు. అరసెకనులో ఆలోచించమని ఈ ఆట ఎక్కడా అడగలేదు. ఆలోచన ముందే అయిపోయి ఉండాలని అడుగుతుంది. ఎదురుగా ఏముందో చదివితే, దానికి ఏం చెయ్యాలో ముందే తెలిసి ఉండాలి. గదిలో అడుగు పెట్టకముందే, గుమ్మం దగ్గరే సగం యుద్ధం తేలిపోవాలి.

మాటల్లో కాదు, ఒక అస్థిపంజరాన్ని చూద్దాం. మొదటి జోన్‌లో కనిపించే తెల్లటిది, ఒక్క దెబ్బకు పోయేది. అది మీవైపే వస్తుంది గానీ ప్రతి బీటుకూ రాదు. ఒక బీటు నిలబడుతుంది, ఒక బీటు అడుగేస్తుంది. అడుగేసే ముందు చేతులు పైకెత్తుతుంది. మీకూ దానికీ మధ్య ఒక ఖాళీ గడి ఉందనుకోండి. చేతులు కిందే ఉన్నాయి. ఇప్పుడు ఆ గడిలోకి వెళ్తే అది నిలబడే బీటు కాబట్టి మీకేం కాదు. తర్వాతి బీటులో మీరు కొడతారు, మీ ఎత్తే ముందు పడుతుంది కాబట్టి అది కదిలేలోపు చస్తుంది. అదే, చేతులు ఎత్తి ఉన్నప్పుడు ఆ గడిలోకి వెళ్ళారా, అదే బీటులో మీ మీద దెబ్బ పడుతుంది. అదే గడి, అదే శత్రువు, అదే బాణం మీట. తేడా ఒక్క బీటు. చేతులెత్తి ఉంటే ఏం చెయ్యాలి? పక్కకు జరగండి, వెనక్కి అడుగెయ్యండి, లేదా పక్కనున్న మట్టిగోడ తవ్వండి. అది తనంతట తాను వచ్చి మీ పక్కన నిలబడుతుంది, తర్వాతి బీటు మీది.

ఇందులో అదృష్టం ఎక్కడుంది? అన్యాయం ఎక్కడుంది? కొత్తవాడు ఈ అస్థిపంజరం చేతిలో చస్తాడు. చచ్చి, ‘బీటు అందుకోలేకపోయాను’ అంటాడు. బీటు బాగానే అందుకున్నాడు. బీటులోనే, చక్కగా, లయ తప్పకుండా వెళ్ళి ఎత్తిన చేతుల కింద నిలబడ్డాడు. ఈ ఆటలో చావుల్లో చాలావాటి కథ ఇంతే.

అసలు బీటు తప్పితే ఏమవుతుందో ఎవరూ చెప్పరు. కేడెన్స్‌తో ఆడుతున్నప్పుడు బీటు తప్పి నొక్కితే మీరు కదలరు, అంతే. ఒక ఎత్తు పోతుంది. వరసగా బీటు తప్పకుండా శత్రువులను చంపుతూ పోతే నాణేలు రెండింతలు, మూడింతలు పడతాయి, ఆ గుణకం కూడా పోతుంది. ప్రాణం పోదు. ప్రాణాన్ని లెక్కపెట్టే గుండెల్లో ఒకటి కూడా తగ్గదు. ‘ప్యారాప్పా ది ర్యాపర్’ రోజులనుంచీ రిథమ్ ఆటల్లో లయ తప్పితేనే ఓటమి. ఇక్కడ లయ తప్పినవాడికి పడేది జుల్మానా మాత్రమే. బీటు తప్పితే చావు అన్న నియమం ఏరియా అనే పాత్రకు ఉంది. ఆమెకున్నది అరగుండె, చేతిలో బాకు. కథలో ఏరియా కేడెన్స్‌కు అమ్మమ్మ అవుతుంది. మూడు తరాల ఆడవాళ్ళలో అందరికన్నా కష్టమైనది ఆ పెద్దావిడే. (అమ్మమ్మల సంగతి తెలిసినవాళ్ళకు ఇది వింతేం కాదు.) కానీ ఏరియా దాకా వచ్చేవాళ్ళు ఎందరు? మొదటి జోన్ దాటకముందే ఆట వదిలేసినవాళ్ళు ఏరియా నియమాన్ని తెచ్చి కేడెన్స్ నెత్తిన పెట్టి, చూశారా ఎంత ఘోరమో అంటున్నారు.

కోడా అని ఇంకో పాత్ర ఉంది. ఏరియా అరగుండె, బీటు వేగం రెట్టింపయ్యే బోల్ట్ అనే పాత్ర పరుగు, నాణెం తాకితే చచ్చే మాంక్ అనే పాత్ర శాపం, మూడూ కలిపి ఒకరికే పెట్టారు. దాన్ని పూర్తి చెయ్యడం మానవమాత్రుల వల్ల అవుతుందో లేదో అన్నట్టుగానే పెట్టారు. అయినా ఆటగాళ్ళు పూర్తి చేశారు. అదృష్టం మీద నడిచే ఆటలో అది కుదిరేది కాదు. గదులు ప్రతిసారీ మారినా అందులో ఉండేవాళ్ళ నడవడి మారదు కాబట్టే కుదిరింది.

ఇక్కడ ఒక మినహాయింపు ఒప్పుకోవాలి. గబ్బిలాలు ఎటు ఎగురుతాయో ఎవరికీ తెలియదు. వాటి కదలిక యాదృచ్ఛికమే. ఇరుకు దారిలో ఎర్ర గబ్బిలం ఎదురైతే తిట్టుకునే హక్కు ఎవరికైనా ఉంది, నేనూ వాడుకున్నాను. పెట్టెల్లో ఏ ఆయుధం దొరుకుతుందో అదీ చెప్పలేం. ఈటె దొరికిన పరుగుకూ ఉత్త బాకుతో నెట్టుకొచ్చే పరుగుకూ తేడా ఉంది. అయితే గబ్బిలాన్ని చూపించి మొత్తం ఆటను జూదం అనేవాళ్ళు, మిగతా శత్రువుల పట్టిక ఒక్కసారి తిరగేయాలి.

ఆ పట్టిక తిరగేస్తే బొమ్మల సంగతి కూడా తేలుతుంది. పిక్సెల్ బొమ్మలు చూసి జనం చిన్నప్పటి వీడియోగేమ్ పార్లర్లు గుర్తు చేసుకుని మురిసిపోతారు. మురిసిపోండి, కాదనను. కానీ పాత రూపం ఇక్కడ జ్ఞాపకాల కోసం పెట్టింది కాదు, చదవడం కోసం పెట్టింది. జిగురుముద్దలాంటి పచ్చ స్లైమ్ ఉన్నచోటే ఉంటుంది. నీలిది ఒక బీటు ఆగి ఒక బీటు ఎగురుతూ, పైకీ కిందికీ. నారింజ రంగుది నాలుగు గడుల చతురస్రంలో గుండ్రంగా తిరుగుతుంది. రంగు చూస్తే చాలు, దాని రాబోయే నాలుగు బీట్లు మీకు తెలిసినట్టే. పసుపు అస్థిపంజరానికి రెండు దెబ్బలు కావాలి. ఒకటి పడగానే తల ఊడిపోతుంది, తల లేని మొండెం మీనుంచి పారిపోతుంది. నవ్వొచ్చే దృశ్యమే, అయినా ఆ ఊడిన తల మీకు చెప్పేది ఒక లెక్క: ఇంకొక్క దెబ్బ. అరసెకనులో చదవాల్సిన పేజీలో అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా ఉండాలి కదా. ఇదే ఆటను నీడలు, పొగలు, మెరిసే కవచాలతో నేటి తీరులో గీసి ఉంటే ఎత్తిన చేతులు ఎవరికి కనిపించేవి?

ఈ రోగ్‌లైక్ ఆటల వంశం 1980 నాటి ‘రోగ్’ నుంచి వచ్చింది. అందులో బొమ్మలే లేవు. రాక్షసులంతా ఇంగ్లీషు పెద్దక్షరాలు, ఒక్కో అక్షరానికి ఒక్కో స్వభావం. ఆ అక్షరాన్ని చూసి పారిపోవాలో పోరాడాలో తేల్చుకునేవాళ్ళు. నెక్రోడాన్సర్ ఆ పాత పద్ధతికి రంగూ ఊపూ ఇచ్చింది. పాతదనం గురించి మాట్లాడాలంటే ఇక్కడ మాట్లాడాలి.

ఆలోచించే ఆటకు గడువు పెట్టడం అన్యాయం అన్న వాదన మీద ఇంకో మాట. ఈ ఆటలోనే డీప్ బ్లూస్ అని ఒక బాస్ ఉన్నాడు. అతని సైన్యం చదరంగం పావులు. గుర్రం గుర్రంలా, శకటు శకటులా కదులుతాయి, కాకపోతే పాట బీటుకు. మొదటిసారి చూసినవాళ్ళు చదరంగాన్ని ఇలా పరుగెత్తిస్తారా అని నోరు వెళ్ళబెడతారు. చదరంగాన్ని పరుగెత్తించడం ఎప్పటినుంచో ఉంది. మన కోనేరు హంపి 2019లో, మళ్ళీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచింది గడియారం తరుముతుండగానే. ఆ గెలుపులు క్లాసికల్ చదరంగాన్ని జిమ్మిక్కు చేసిన గెలుపులని ఎవరైనా అన్నారా? గడువులో ఎత్తు వెయ్యడం వేరే విద్య. తీరిగ్గా వేసే ఎత్తుకు అది తమ్ముడు కాదు, చెల్లెలు కాదు.

ఇప్పుడు రెండో శిబిరం. లయ ఆటల పండితులు. వీళ్ళ వాదన వినడానికి బలంగా ఉంటుంది. 1996 నాటి ప్యారాప్పాలోనైనా, 1998లో కొనామి తెచ్చిన ‘డాన్స్ డాన్స్ రెవల్యూషన్’లోనైనా పాటకు ఒక రాత ఉంటుంది. ఎక్కడ ఏ మీట నొక్కాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. పాటలో డోలు ఉరిమితే మీ కాళ్ళూ ఉరుకుతాయి. నెక్రోడాన్సర్‌లో అలాంటి రాత లేదు. ప్రతి బీటుకూ ఒక మీట, ఏదో ఒకటి. సమంగా టిక్కు టిక్కు. కాబట్టి ఇది లయ కాదట.

రాసినదాన్ని తప్పకుండా వాయించడం ఒక్కటే సంగీతమైతే, మన కచేరీల్లో తని ఆవర్తనం ఎందుకు? తాళం చట్టం వేసినట్టు కదలకుండా ఉంటుంది. దాని లోపల ఏం వాయించాలన్నది మృదంగం వాయించేవాడి చేతిలో ఉంటుంది. నెక్రోడాన్సర్ అడిగేదీ అదే. బీటు స్థిరం. ఏ దిక్కు అన్నది మీరు తేల్చుకోవాలి. నాలుగు స్లైమ్‌లు, ఒక అస్థిపంజరం ఉన్న గదిలో కొట్టు, పక్కకు, కొట్టు, వెనక్కి, కొట్టు అని చకచకా సాగినప్పుడు మీ వేళ్ళ కింద ఒక వరస పుడుతుంది. అది ఇంతకుముందు ఎవరూ రాయనిది. అది మంచి వరసో కాదో గది చెప్తుంది, మీరు బతికారో లేదో చూపించి.

పైగా పాట ఇక్కడ ఉత్త టిక్కు టిక్కు చెయ్యడంలేదు. నేలమాళిగలో ఎక్కడో ఒక అంగడి ఉంటుంది, అంగడివాడు పాటతో గొంతు కలిపి పాడుతుంటాడు. దగ్గరవుతున్నకొద్దీ ఆ గొంతు పెద్దదవుతుంది. గోడల అవతల కొట్టు ఎటువైపుందో పటం చూడకుండా చెవితో పట్టుకోవచ్చు. మూడో జోన్ సగం నిప్పు, సగం మంచు. నిప్పు నేల మీద ఉన్నంతసేపూ గిటార్లు గర్జిస్తాయి. మంచు మీదికి అడుగెయ్యగానే అదే పాట సింథసైజర్ల చల్లని గొంతులోకి జారుతుంది. బీటు తెగదు. కింగ్ కాంగా అనే బాస్ పాటలో మధ్యమధ్య ఒక బీటు మాయమవుతుంది. అంతదాకా వేళ్ళను యంత్రంలా ఆడించినవాడు ఆ ఖాళీలో దొరికిపోతాడు. మెట్రోనోమ్ అన్నవాళ్ళు ఈ బాస్ దగ్గర ఎన్నిసార్లు ఖాళీలో నొక్కారో గుర్తు చేసుకోవాలి. ఇక పాట అయిపోయేలోగా అంతస్తు ముగించకపోతే, ఆట మిమ్మల్ని ఉన్నపళంగా కింది అంతస్తులోకి జారవిడుస్తుంది. వదిలేసిన నాణేలు, తెరవని పెట్టెలు పైనే ఉండిపోతాయి. పాట నిడివే అంతస్తు ఆయుష్షు. సంగీతాన్ని ఇంతగా ఆట ఒంట్లో కలిపేసిన పని చాలా రిథమ్ ఆటల్లో లేదు.

సొంత పాటలు పెట్టుకునే వీలూ ఇచ్చారు. ఎంపీత్రీ ఇస్తే ఆట దాని బీటు వెతుక్కుంటుంది. వేగం నిలకడగా ఉండే మన మాస్ పాట ఏది పెట్టినా చక్కగా నడుస్తుంది. వేగం పెరుగుతూ పోయే జానపదం పెడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

మద్దెల నిజంగానే ఓడైన చోటు ఒకటుంది, అది చెప్పకపోతే అన్యాయం నాది అవుతుంది. ఇప్పుడు మనలో చాలామంది చెవుల్లో ఉండేది బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు. వాటిలో శబ్దం తెరకన్నా కాస్త ఆలస్యంగా చేరుతుంది. సినిమాకు, పాటకు ఆ ఆలస్యం తెలియదు. అరసెకను గడువున్న ఆటలో అందులో కొంత మింగేస్తే మాత్రం చెవి చెప్పే బీటూ ఆట లెక్కపెట్టే బీటూ వేరయిపోతాయి. పెద్ద టీవీలూ బొమ్మను సానబెట్టడానికి కొంత సమయం తింటాయి. ‘నేను సరిగ్గానే నొక్కాను, ఆట ఒప్పుకోవడంలేదు’ అనే ఫిర్యాదుల్లో కొన్ని అక్షరాలా నిజం. దానికి మందు కూడా ఆట సెట్టింగుల్లోనే ఉంది, ఆలస్యాన్ని కొలిచి సరిదిద్దుకునే చోటు. వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే శబ్దం విషయంలో ఆ అవసరమూ దాదాపు ఉండదు. తీర్పు చెప్పేముందు ఈ పనైనా చేసినవాళ్ళ మాట నేను వింటాను.

నిజమైన లోపం ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా ఎత్తరు. కొత్త శత్రువును ఆట పరిచయం చెయ్యదు. మొదటి కలయికలోనే అది మిమ్మల్ని కొడుతుంది. పరిచయం అదే. లాబీలో బీస్ట్‌మాస్టర్ అనే శిక్షకుడు ఉన్నాడు. ఎదురుపడిన శత్రువులను విడిగా, ఒక్కొక్కటిగా సాధన చేయిస్తాడు. అంత మంచి ఏర్పాటు పెట్టుకుని దాన్ని ఓ మూలన కూర్చోబెట్టారు. చదవడమే ప్రాణమైన ఆట, అక్షరాలు నేర్పే బడిని వీధి చివర పెట్టింది. వజ్రాల లెక్కా అంతే. నేలమాళిగలో ఏరుకున్న వజ్రాలతో బయటికొచ్చి శాశ్వతమైన గుండెలు, ఆయుధాలు కొనుక్కోవచ్చు. ఖర్చు పెట్టనివి తర్వాతి పరుగు మొదలవగానే పోతాయి. అందువల్ల బాగా ఆడేవాడు త్వరగా బలపడతాడు, తడబడేవాడు పలచగానే ఉండిపోతాడు. ఆటను విమర్శించాలంటే ఇక్కడ పట్టుకోండి, మీతోపాటు నేనూ గొంతు కలుపుతాను. బీటును మాత్రం వదిలెయ్యండి.

బార్డ్ విషయంలో జనం చూపే చిన్నచూపు నాకు అసలు మింగుడుపడదు. బార్డ్ అనే పాత్రకు బీటుతో పనిలేదు. మీరు కదిలితేనే ప్రపంచం కదులుతుంది. కావలసినంతసేపు గుమ్మంలో నిలబడి లెక్కలు వేసుకోవచ్చు. ‘ఆలోచించనివ్వరు’ అని ఏడ్చేవాళ్ళకు రూపకర్తలు తమ చేత్తో ఇచ్చిన జవాబు అది. కానీ దాన్ని వాడితే పరువు తక్కువట, దొంగాటట! అటు బీటు అన్యాయం అంటారు, ఇటు బీటు లేని తలుపు తెరిస్తే లోపలికి రారు. ఒకసారి బార్డ్‌తో ఆడి చూస్తే తెలిసేది ఏమిటంటే, తీరిగ్గా ఆడినా చేతులెత్తిన అస్థిపంజరం పక్కకు వెళ్తే దెబ్బ పడుతుంది. చచ్చేవాళ్ళు బార్డ్‌తోనూ చస్తారు. తప్పు తాళంలో లేదని ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? నన్నడిగితే కొత్త జోన్‌కు వెళ్ళిన ప్రతివాడూ మొదట బార్డ్‌తో నాలుగు గదులు తిరిగి, ఎవడు ఎలా నడుస్తాడో చూసుకుని, అప్పుడు కేడెన్స్‌ను పిలవాలి.

నింటెండో తమ జెల్డా ప్రపంచాన్ని ఈ చిన్న బృందం చేతికి అప్పగించింది. అలా 2019 జూన్‌లో ‘కేడెన్స్ ఆఫ్ హైరూల్’ వచ్చింది. అందులో తెర మీద శత్రువులందరూ పోతే బీటు పట్టు వదులుతుంది, హాయిగా తిరగొచ్చు. బీటు అక్కర్లేదనుకుంటే పూర్తిగా ఆపేసే వీలూ ఉంది. అది మంచి ఆట. కానీ అది వచ్చాక పుట్టిన మాట ఒకటుంది, మొదటి ఆటలోని లోపాన్ని ఇందులో దిద్దారని. దిద్దింది ఏమీ లేదు. హైరూల్‌లో చెట్లు కొడుతూ, కుండలు పగలగొడుతూ తిరగాలి, అక్కడ విరామం కావాలి. నేలమాళిగ అలాంటి చోటు కాదు. మొదటి ఆటలో శత్రువు లేని గదిలోనూ బీటు ఆగదు కాబట్టే, గోడ తవ్వే అడుగూ నాణెం ఏరే అడుగూ ఒకే పాటలో భాగమవుతాయి. ఆగిన బీటును మళ్ళీ అందుకోవడం కన్నా ఆగని బీటులో ఉండడం తేలిక. ఇది రెండూ ఆడినవాళ్ళు వేళ్ళతో తెలుసుకున్న సంగతి, కాకపోతే పైకి చెప్పరు.

2025 ఫిబ్రవరిలో వచ్చిన ‘రిఫ్ట్ ఆఫ్ ది నెక్రోడాన్సర్’తో రెండో శిబిరం వాదన కూడా వింతగా తిరిగింది. లయ ఆటల పండితులు అడిగినట్టే ఇందులో పాటకు రాత ఉంది, మూడు వరసల్లో రాక్షసులు కిందికి దిగుతారు. అయితే ఆ రాత చదవడానికి ఏం కావాలి? పచ్చ స్లైమ్‌కు ఒక దెబ్బ, నీలిదానికి రెండు. గబ్బిలం దెబ్బ తిని పక్క వరసకు జరుగుతుంది. అంటే రంగూ నడకా చూసి రాబోయే బీట్లను ముందే లెక్కగట్టాలి. మొదటి ఆటలో మెట్రోనోమ్ అని తీసిపారేసిన విద్యే ఇక్కడ మళ్ళీ పాఠమై కూర్చుంది. బాణాలు చూసి నొక్కడం అలవాటైన వేళ్ళు ఇక్కడ తడబడితే, తప్పు వాటి వేగంలో లేదు.

పదేళ్ళకు పైగా ‘కష్టం’ అన్న ఒక్క మాట కింద ఈ ఆటను కప్పెట్టేశారు. కష్టమే. కానీ కష్టం చెవిలో లేదు, వేళ్ళలో లేదు, ఎదుటివాడి నడక చదవడంలో ఉంది. సంగీతజ్ఞానం లేదని ఈ ఆట వదిలేసినవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, మొదటి జోన్‌లోకి దిగండి, చచ్చిన ప్రతిసారీ మిమ్మల్ని చంపింది ఎవరో తెర మీద రాసి ఉంటుంది, చదవండి. మర్నాడు వచ్చి ‘అన్యాయం’ అనాలనిపిస్తే అనండి. అయితే ఏ గడిలో, ఎవరి చేతిలో, ఏ బీటులో జరిగిందో కూడా చెప్పండి.